కాయకు గాలాడటం లేదు

నేను ఒక మద్దిచెక్క బల్లను. ప్రస్తుతం నా నివాసం తుక్కుగుట్ట. కుడిపక్క తుప్పుపట్టిన ఫ్యాన్లు, ఎడమపక్క కాలు విరిగిన కుర్చీ, నెత్తిన ఆకాశం. అయ్యో పాపం అనకండి. పుట్టి బుద్ధెరిగాక ఇంత గాలీ వెలుతురూ ఉన్న చోట నేనెప్పుడూ లేను. నా కథంతా గాలి చుట్టూ తిరిగింది కాబట్టి చివరికి ఇక్కడ తేలడం సబబే అనిపిస్తుంది.

అనంతపురం దాటాక రోడ్డు పక్కన ఉన్న చిన్న కార్ఖానా మాది. వేరుశనగ కాయలు ఒలిచే మిషన్లు తయారుచేస్తారు. ఓనరు చెన్నకేశవులు దాన్ని పెట్టిన కొత్తలో, మేడమీది డ్రాయింగు గదికోసం నన్ను చేయించాడు. అందుకని నా పైచెక్క ఏటవాలుగా ఉండేది. ఏటవాలు బల్ల బతుకేమిటో మీకు తెలియదు. పెన్సిల్ పెడితే దొర్లిపోతుంది, రబ్బరు పెడితే జారిపోతుంది. టీ గ్లాసు పెట్టబోయిన ప్రతివాడూ ఒకసారి చెయ్యి కాల్చుకున్నాడు. నామీద నిలిచినవి కాగితాలే, అవి కూడా పిన్నులు గుచ్చితేనే నిలిచేవి.

తరవాత కంప్యూటర్లు వచ్చాయి. నలుగురు మనుషులు నన్ను మెట్లమీదుగా డబడబా ఈడ్చి కింద షెడ్డులో పడేశారు. ఆ షెడ్డులోనే మిషన్లు బిగిస్తారు. దానికి పెద్దదిక్కు మస్తానప్ప. ఆయన నన్ను చూసి, చెక్కమీద అరచేత్తో ఒక దెబ్బ వేసి, "బంగారట్లా చెక్కప్పా! ఏటవాలుగా పెట్టి పాడుచేసినారు," అన్నాడు. పొడుగు కాళ్ళు కోసి నన్ను సమంగా నిలబెట్టాడు. ఆరోజునుంచి నామీద సుత్తులూ స్పానర్లూ గ్రీజు డబ్బాలూ హాయిగా కూర్చున్నాయి. సమంగా ఉండటంలో ఇంత సుఖం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

అలా నేను పైనా ఉన్నాను, కిందా ఉన్నాను. ఆ కార్ఖానాలో రెండు చోట్లా కాపురం చేసింది నేనొక్కతెనే. పైన ఉన్నప్పుడు కిందివాళ్ళ గురించి ఒకటే మాట వినేదాన్ని: గీసింది గీసినట్టు చెయ్యరు. కిందికి వచ్చాక పైవాళ్ళ గురించి ఒకటే మాట: చేతికి గ్రీజు అంటితే కదా తెలిసేది. రెండూ కొంత నిజం. మధ్యలో ఉన్నవి మెట్లే. వీళ్ళు ఎక్కరు, వాళ్ళు దిగరు. ఇక మూడో జట్టు ఒకటుంది. ఊళ్ళు తిరిగి మిషన్లు రిపేరు చేసేవాళ్ళు. వాళ్ళకు పైన చోటు లేదు, కింద చోటు లేదు. ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి నాలుగు ముక్కలు చెప్పి, స్పేరు సామాన్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోతారు. ఓబులేసు ఆ జట్టువాడు.

మనుషులను చూస్తే నాకు భలే వింతగా ఉంటుంది. అన్నం దొరికితే పక్కవాడిని పిలుస్తారు. తెలిసిన సంగతి మాత్రం ముంతలో పెట్టి మూత బిగించుకుంటారు. దుర్బుద్ధితో కాదు. అడగనివాడికి చెప్పడం చిన్నతనం, తెలియదని అడగడం ఇంకా చిన్నతనం. ఈ రెండు చిన్నతనాల మధ్య ఎన్ని మంచి మిషన్లు మూలపడ్డాయో దేవుడికే తెలియాలి.

హైమావతి కాకినాడనుంచి డ్రాయింగు గదిలో ఉద్యోగానికి వచ్చింది. చిన్న మిషను ఒకటి ఆమె తలలో పుట్టింది. ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తి వసారాలో పెట్టుకుని, కరెంటు ప్లగ్గు పెట్టి కాయలు ఒలుచుకోగలిగినంత చిన్నది. లోపల ఒక రోటరు తిరుగుతుంది, దాని కింద జల్లెడ. ఆ రెంటి మధ్య కాయ నలిగి పొట్టు విడిపోతుంది. పక్కనున్న ఫ్యాను పొట్టును ఊదేస్తుంది. ఆమె గీసిన మొదటి మిషను అది. మొదటిది బయటికి వెళ్ళినరోజు ఆమె షెడ్డు గుమ్మందాకా దిగివచ్చి, లారీ కనుమరుగయ్యేదాకా చూసింది. గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు.

మరుసటి కాపుకి ఫిర్యాదులు మొదలయ్యాయి. గింజ పగిలిపోతోంది. పగిలిన గింజ విత్తనానికి పనికిరాదు, వ్యాపారి దగ్గర పరువుండదు. మిషన్లు వాపసు రాసాగాయి. ఒకరోజు చెన్నకేశవులు షెడ్డు మధ్యలో నిలబడి అందరికీ వినబడేట్టు చెప్పాడు.

"ఈ కాపుదాకా చూస్తా. అప్పటికీ ఇట్లే వాపసొస్తే ఈ మిషను ఆపేస్తా. షెడ్డు గోడౌనుకిచ్చేస్తా. నాకూ ఓపికుండల్ల గదా!"

మస్తానప్ప చేతిలో స్పానరు నామీద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. ఈ షెడ్డు లేకపోతే ఆయన ఎవరు? పైన హైమావతి ఆ రోజు అన్నం క్యారియరు విప్పలేదని విన్నాను.

అప్పుడు ఓబులేసు దగ్గరనుంచి కబురు వచ్చింది. ఎర్రకొండాపురంలో గంగులమ్మ అనే రైతు మిషను ముందు కూర్చుని, పగిలిన గింజలు గుప్పిట్లో చూపించి, "కాయకు గాలాడల్యా సామీ," అందట. ఓబులేసు ఆ మాటే కిటికీ దగ్గర చెప్పాడు. కిటికీలోపలి గుమాస్తా దాన్ని కాస్త కుదించి పైకి చేరవేశాడు: గాలి చాలడం లేదట.

గాలి అనగానే డ్రాయింగు గదిలో ఎవరికైనా ఏది గుర్తొస్తుంది? ఫ్యానే. హైమావతి లెక్కలు కట్టి ఫ్యానును పెద్దది చేసింది. మస్తానప్ప బిగించాడు. ఓబులేసు ఊళ్ళకు మోసుకెళ్ళాడు. మళ్ళీ అదే కబురు: ఇంకా గాలాడటం లేదు. ఇంకా పెద్ద ఫ్యాను. ఇప్పుడు పొట్టుతోపాటు గింజలూ ఎగిరి వసారా దాటి పడుతున్నాయి. గంగులమ్మ ఇంటి కోళ్ళు మాత్రం ఆ మిషనును బాగా మెచ్చుకున్నాయట. మేడమీది భాషా షెడ్డు భాషా నాకు రెండూ తెలుసు. నోరుంటే ఒక్క మాట చెప్పేదాన్ని. దేవుడు నాకు నాలుగు కాళ్ళిచ్చి నోరు మరచిపోయాడు.

ఈ చిక్కును విప్పింది తెలివితేటలు కాదు, ఒక ముసలామె మోకాళ్ళు. సుంకమ్మ అని, ఆవరణలో పొయ్యి పెట్టి టీ కాచేది. పైకి ఒక కెటిలు, షెడ్డుకి ఒక కెటిలు, కిటికీ దగ్గర ఎండలో నిలబడ్డవాళ్ళకి ఒక కెటిలు. ఒక ఉదయం ఆమె నా దగ్గరికి వచ్చి, స్పానర్లను పక్కకు తోసి, పెద్ద కెటిలు నా నడుమ్మీద పెట్టి కేక వేసింది.

"ఇంగ నా చేతగాదు నాయనా! మోకాళ్ళు పోయినాయి. టీ గావల్లంటే అందరూ ఈడికే రాండి. లేదంటే తాగద్దండి."

టీ లేకుండా గీతలు నడవవు. పైవాళ్ళు దిగారు. మొదట్లో ఆ మూడు జట్లు నా మూడు అంచులు పట్టుకుని నిలబడేవి. నాలుగో అంచు సుంకమ్మది. ఎవరి కబుర్లు వాళ్ళవి. గ్లాసులు మాత్రం ఒకదానికొకటి తగిలేవి.

ఒక మధ్యాహ్నం ఓబులేసు ఎండలోంచి వచ్చి, గ్లాసు అందుకుని, సుంకమ్మతో గోడు వెళ్ళబోసుకున్నాడు.

"పరువు పాయె సుంకమ్మా. గంగులమ్మ నన్ను జూస్తానే తలుపేసుకున్య. కాయకు గాలాడల్యా, గాలాడల్యా అని నేను జెప్తానే ఉండా, పైనుంచి ఇంగో పెద్ద ఫ్యాను పంపిస్తాండారు. దీనికీ ఫ్యానుకూ ఏం సమ్మందమప్పా!"

హైమావతి చేతిలో గ్లాసు ఆగిపోయింది. బల్ల చుట్టూ తిరిగి అతని పక్కకు వచ్చింది.

"ఓబులేసు గారూ, గాలి అంటే ఫ్యాను కాదాండీ?"

అతన్ని 'గారు' అన్నవాళ్ళు అప్పటిదాకా లేరు. ఒక క్షణం తడబడ్డాడు. "ఫ్యాను యాడ మేడం! గాలాడాల్సింది కాయకు. బస్సులో మనం ఇరుక్కుంటే గాలాడల్యా అంటామే, అట్ల. లోపల కాయ ఇరుక్కోని నలిగి సస్తాంది."

"అంటే రోటరుకీ జల్లెడకీ మధ్య క్లియరెన్సా మీరు చెప్పేది?"

"ఆ మాట నాకు తెల్దు మేడం."

మస్తానప్ప గ్లాసు కింద పెట్టాడు. "సందు," అన్నాడు మెల్లగా. "మేము సందంటాము."

గాలి, క్లియరెన్సు, సందు. ఒకే ఖాళీకి మూడు పేర్లు. ఆ మూడు పేర్లూ ఒకే ఆవరణలో ఇన్నాళ్ళూ ఒకదాన్నొకటి ఎరగకుండా తిరిగాయి. హైమావతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నవ్వే గెలిచింది, కళ్ళు మాత్రం తడిశాయి. నాకూ గుండె ఉంటే ఆరోజు పగిలేదే.

ఆ తరవాత మూతలు ఒక్కొక్కటే ఊడాయి. మొదటి మిషన్లలో కొన్ని కాయలు పొట్టు ఊడకుండానే బయటికి వస్తున్నాయని విని, మస్తానప్ప బొటనవేలితో అంచనా కట్టి సందు బిగించేశాడట. పైకి చెప్పలేదు. ఊళ్ళో గింజ పగులుతుంటే, ఓబులేసు రోటరు బేరింగుల కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు పెట్టి, దాన్ని కాస్త పైకెత్తి సందు వదులు చేశాడట, అవి నాలుగు రోజులకే నలిగిపోయేవట. బయటి సామాను వాడితే తిడతారని చెప్పలేదు. హైమావతి ఊళ్ళకు వెళ్ళకుండా, టౌనులో అంగడినుంచి తెప్పించిన నవనవలాడే కాయలకే కొలతలు తీసుకుందట. ఆ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె కూడా చెప్పలేదు. కాగితం మీద ఒక మిషను, షెడ్డులో ఒకటి, ఊళ్ళో మరొకటి.

"నాకు ఒక్కమాట చెప్పాల్సింది కదండీ!" అంది హైమావతి, కోపంగానే.

"మీరు లోపలికి ఎప్పుడొచ్చినారమ్మా?" అన్నాడు మస్తానప్ప. వెంటనే తలదించుకుని, "నేను మాత్రం పైకి ఎప్పుడెక్కినాలే," అని తనే అన్నాడు.

ఓబులేసు సంచిలో చెయ్యి పెట్టి, దారిలో తినడానికి ఊరూరా పుచ్చుకున్న కాయలను నామీద గుమ్మరించాడు. బోరు కింద పండినవి బొద్దుగా ఉన్నాయి. వాననే నమ్ముకుని పండినవి సన్నగా, పీలగా ఉన్నాయి. ఏటవాలుగా ఉన్న రోజుల్లో అయితే ఒక్క కాయా నిలిచేది కాదు. ముగ్గురూ నామీదికి వంగి, బొద్దువి ఒకవైపు, పీలవి ఒకవైపు వేరుచేస్తూ కూర్చున్నారు. ఏ కొలత పెట్టినా ఏదో ఒక ఊరికి తప్పే అవుతుందని అక్కడే ముగ్గురికీ తెలిసింది.

"అయితే కొలత మనం పెట్టకూడదు," అంది హైమావతి. "మిషను ఎవరిదో వాళ్ళే పెట్టుకోవాలి."

పైకి కనబడే పిడి ఒకటి ఆమె గీసింది. తిప్పితే జల్లెడ పైకీ కిందికీ జరుగుతుంది. బోల్టుతో ఆపితే అదురుకు వదులైపోతుందని మస్తానప్ప అడ్డుపడి, గాట్లున్న ఇనుపపట్టీలో పిడి కూర్చునేట్టు చేశాడు. ఇంట్లో స్పానరు ఉండదు, ఉత్తచేత్తో తిరగాలన్నాడు ఓబులేసు. మొదట చేసింది జారిపోయింది. తరవాతది ఎంత తిప్పినా కదల్లేదు. దానిమీద ముగ్గురూ నా ఎదుటే కేకలేసుకున్నారు. అరుచుకున్నారు గానీ ఎవరి మెట్లెక్కి వాళ్ళు వెళ్ళిపోలేదు. నాకు సంతోషం కలిగింది అందుకే.

చివరిది ఓబులేసు గంగులమ్మ ఇంటికే తీసుకెళ్ళాడు. ఆమె తలుపు సగమే తెరిచి చూసి, పిడి ఒకసారి తిప్పి, గుప్పెడు కాయలు పోసి, ఇంకొకసారి తిప్పిందట. అతను తిరిగివచ్చి జేబులోంచి గింజలు తీసి నామీద పోశాడు. అన్నీ ముద్దుగా, గుండ్రంగా, ఒక్క చీలికా లేకుండా ఉన్నాయి. చెన్నకేశవులు వచ్చి ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"గోడౌనాయనకు లేదని చెప్పండప్పా," అన్నాడు. మస్తానప్ప అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

పిడి పక్కన ఏ పేరు రాయాలో అని మళ్ళీ పెద్ద తగువు వచ్చింది. క్లియరెన్సు అని పైవాళ్ళు, సందు అని షెడ్డువాళ్ళు. చివరికి గంగులమ్మ మాటే నెగ్గింది. ఇప్పుడు ఆ మిషను ఏ ఊళ్ళో చూసినా పిడి పక్కన ఎర్రరంగుతో 'గాలి' అని ఉంటుంది. అనవసరమైన పెద్ద ఫ్యాన్లు ఇక్కడికి చేరి ఇప్పుడు నాకు ఇరుగుపొరుగయ్యాయి.

మరి నేనెందుకు ఇక్కడున్నానంటారా? మిషను బాగా అమ్ముడుపోయాక, నలుగురూ కలిసి మాట్లాడుకోవడం వల్లే ఇంత జరిగిందని చెన్నకేశవులుకు అర్థమైంది. మంచి మనిషి, వెంటనే దానికి ఒక గది కట్టించాడు. అద్దాల గోడలు, ఏసీ, గుడ్డు ఆకారంలో నున్నటి బల్ల, కుర్చీకొక పేరు. గుమ్మం మీద 'ఆలోచనల గది' అని బోర్డు. టీ పోయడానికి ఒక పెట్టె, మీట నొక్కితే పోస్తుంది. షెడ్డును సర్దే వంకతో నన్ను బయట పడేశారు. గ్రీజు అంటిన బట్టలతో ఆ గదిలో కూర్చోవడానికి మస్తానప్ప మొహమాటపడ్డాడు. ఓబులేసు మళ్ళీ కిటికీ దగ్గరే. ఏమైనా ఇబ్బందులున్నాయా అని ఆ గదిలో అడిగితే, ఏమీ లేవు సార్ అని అందరూ చక్కగా చెబుతున్నారట.

సుంకమ్మ పొయ్యి మాత్రం ఆవరణ గోడ దగ్గరికి, అంటే ఈ గుట్ట పక్కకే జరిగింది. తాగేవాళ్ళు తగ్గారని తిట్టుకుంటూ ఆమె ఇక్కడే కాస్తోంది. ఈ ఉదయం ఆ పొయ్యి వెనకాల చెప్పుల చప్పుడైంది. హైమావతి. డ్రాయింగు గదికి ఇప్పుడు ఆమే పెద్ద. ఊళ్ళనుంచి కొత్త ఫిర్యాదు వచ్చిందట. మిషనుకు గొంతు పట్టేస్తోందట. కాయలు పోసే గరాటు మెడ ఇరుకైందని అద్దాల గదిలో అందరూ తేల్చేసి, కొత్త గరాటు గీయడం కూడా మొదలుపెట్టారట. ఇదంతా ఆమె సుంకమ్మతో చెబుతూనే కిటికీ వైపు తిరిగి చెయ్యి ఊపింది. ఓబులేసు వచ్చాడు. షెడ్డులోంచి మస్తానప్ప కూడా, ఎవరూ పిలవకుండానే వచ్చి, ఒక పాత ఫ్యాను డొప్పను బోర్లించుకుని కూర్చున్నాడు. హైమావతి నామీది దుమ్మును చీర కొంగుతో తుడిచింది. నా చెక్క వంగిందేమోనని నాకు భయం వేసింది. ఆమె టీ గ్లాసు పెట్టింది. అది జారలేదు.

"ఓబులేసు గారూ," అంది, "గొంతంటే మీ ఉద్దేశంలో ఏదండీ?"