రాజ్‌కిరణ్ తీయని గ్రంథులు

రోహిణి చేసిన పొరపాటు ఒక్కటే. మోసాన్ని కాలేజీకి చెప్పకముందే మోసగాడి తండ్రికి చెప్పింది. హిందీ ఊళ్ళోని అగ్రికో పేటలో స్థిరపడిన శ్రీకాకుళం కుటుంబాల మర్యాద అది. పరాయివాళ్ళకు తెలియకముందే బిడ్డ తప్పును ఆ ఇంటి పెద్ద చెవిన వెయ్యాలి.

రోహిణి, రాజ్‌కిరణ్ ఒకే ప్రయోగశాలలో పరిశోధకులు. కీచురాయి ఎదిగిపోయాక కూడా దాని మెదడులో కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి. మెదడు వెనక ఇసుక రేణువుల్లాంటి గ్రంథులు స్రవించే జువెనైల్ హార్మోనే ఆ పుట్టుకకు ఊపిరి. గ్రంథులు తీసేస్తే కొత్త కణాలు పల్చబడ్డాయి, హార్మోన్ తిరిగి అందిస్తే పుంజుకున్నాయి. రోహిణి ఏళ్ళ తరబడి శ్రమించి తేల్చిన సత్యమిది. రాజ్‌కిరణ్ నిండు సభలో లేచి, తాను గ్రంథులు తీసిన కీచురాళ్ళలోనూ కణాలు ఎప్పటిలాగే పుట్టాయనీ, రోహిణి చెప్పేది కట్టుకథనీ ప్రకటించాడు. ఆమె డాక్టరేటు ఆగిపోయింది.

అతని కీచురాళ్ళలో ఒకదాన్ని మంచులో స్పృహ తప్పించి, రోహిణి తల తెరిచి చూసింది. కోత గాటు ఉంది. గ్రంథులు మాత్రం ముత్యాల్లా చెక్కుచెదరకుండా ఉన్నాయి. పైచర్మం కోసి వదిలేశాడన్నమాట!

"మా గైడు సుధ మేడమ్ రాంచీ నుంచి రాగానే సూపిత్తాను, బాబాయ్. ముందు మీకు సెప్పాలని వచ్చేను" అంది సూర్యంతో. ఆయన రాజ్‌కిరణ్ తండ్రి, తెలుగువాళ్ళ సంఘానికి పెద్ద.

"మంచి పని సేసేవమ్మా" అన్నాడాయన, తలుపు దాకా వచ్చి సాగనంపుతూ.

మర్నాడు పొద్దున్నే, రోహిణి ఒక్కతే ఉండగా, రాజ్‌కిరణ్ ప్రయోగశాలలోకి వచ్చి గడియ పెట్టాడు.

"బహుత్ హోషియార్ బన్‌తీ హై?" అని, మహా తెలివైనదాన్ననుకుంటున్నావా అని హిందీలో ఎద్దేవా చేస్తూ మొదటి పెట్టెను నేలకేసి కొట్టాడు. రెండోదాన్ని గోడకేసి కొట్టాడు. బయటపడిన కీచురాళ్ళను బూటు కింద నలిపాడు. పెంకులు పటపటా పగిలాయి. అతను కోసిన కీచురాళ్ళున్న పెట్టె మీద రోహిణి బోర్లా పడింది. మైక్రోస్కోపు దిమ్మ ఆమె మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది. డొక్కలో తన్నాడు, మళ్ళీ తన్నాడు. ఆమె అతని పిక్కను కొరికి పట్టి, నోట నెత్తురు నిండినా వదల్లేదు. కాపలావాడు తలుపు పగలగొట్టేసరికి గదిలో సగం కీచురాళ్ళు ముద్దయ్యాయి. ఆమె కడుపు కింది పెట్టె మాత్రం మిగిలింది.

సాయంత్రం రోహిణి కట్టు కట్టిన చేతితో తన ఇంట్లో మంచం మీద కూర్చుని ఉండగా, సూర్యం కొడుకును వెంటబెట్టుకొచ్చాడు. పెట్టె ఆమె ఒడిలోనే ఉంది.

"కుర్రోడు కాళ్ళట్టుకుంటాడు. ఆ పెట్టి నాకిచ్చెయ్. అక్కడితో సరి" అన్నాడు. కాళ్ళు పట్టుకున్నాక కేసు పెట్టకూడదన్నది సంఘం కట్టుబాటు.

"నా పిల్ల సెయ్యి ఏటయిందో సూసేవా, మరిదీ?" అంది తల్లి తవిటమ్మ.

"హాత్ హీ తో హై, జుడ్ జాయేగా" అని గొణిగాడు రాజ్‌కిరణ్.

"అతుక్కుంటాదా? నీ బుర్ర అతుకుతాదేటో సూడనా?"

తండ్రి అప్పలరాజు తల వంచుకున్నాడు. ఉద్యోగం ఇప్పించిన సూర్యానికి ఎదురు చెప్పడం ఆయనకు చేతకాలేదు.

రాజ్‌కిరణ్ వంగాడు. రోహిణి కాళ్ళు పైకి తీసి చీర కింద ముడుచుకుంది. అతని చేతులకు ఉత్త నేల తగిలింది. గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, అతను ఆమె చీలమండ పట్టి ఒక్క గుంజు గుంజాడు. పెట్టెను రెండో చేత్తో పొట్టకు హత్తుకుని, విరిగిన చెయ్యి మీదనే పడింది రోహిణి. తవిటమ్మ పీట ఎత్తి అతని నుదురు పగలగొట్టింది.

"సంపేత్తావేటి!" అని అరిచాడు సూర్యం.

అప్పలరాజు లేచి ఆయన చొక్కా పట్టుకున్నాడు. "నా ఇంట్లో, నా ఎదర, నా పిల్ల మీద సెయ్యేసినాడు. ఇంకేటి రాజీ? పద, స్టేషన్‌కే."

రాజ్‌కిరణ్ నెత్తురోడుతూనే పోలీసు జీపెక్కాడు.

మర్నాడు రాంచీ నుంచి దిగిన సుధ మేడమ్ ఆ పెట్టెలోని ఒక కీచురాయి తలను అందరి ఎదుటా తెరిచింది.

"గ్రంథులు ఉన్నాయి" అంది, ఎవరి ముఖమూ చూడకుండా.

"అన్నీ తెరవండి, మేడమ్" అంది రోహిణి.