ఒకే మాట ఉత్తరాలు

విషపు పీపాలను నడిసముద్రంలో ముంచెయ్యవచ్చా అని ప్రభుత్వం జనాన్ని అడిగింది. అడిగిందే తడవు, ఉత్తరాలతో ఆఫీసులో మూడు బీరువాలు నిండాయి. వాటిని చదివి పట్టికకెక్కించే పని అక్కడ గుమాస్తాగా ఉన్న ఆమె నెత్తిన పడింది. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఆమెకు అర్థమైందొకటే. పెద్దవాళ్లు అడిగేది వినడానికి కాదు, అడిగామని చెప్పుకోవడానికి.

‘కారణం’ అన్న గడిలో ఒక్క మాటే పడుతుంది. భయం, చేపలు, దూరం. "మాకు దూరంగా ముంచుకోండి" అన్నవాళ్లే సగం మంది మరి.

ఆ మధ్యాహ్నం విప్పిన కట్టలో మూడు వందల పన్నెండు ఉత్తరాలున్నాయి. చేతిరాతలు వేరు, మాటలు ఒక్కటే: "ఎంత లోతైనా ఇనుము తుప్పు పట్టక మానదు. ముంచకండి." మొదటి సంతకాన్ని ఆమె రెండుసార్లు చూసింది. అది నాన్నది. ఓడల్లో జీవితమంతా మోకాళ్లు అరగదీసుకున్న మనిషి, ఆ మోకాళ్లతోనే గడప గడపా తిరిగి రాయించాడన్నమాట.

ఒకే మాటలతో ఎన్ని ఉత్తరాలొచ్చినా ఒకటిగానే లెక్కించాలని నిబంధన. ఆమె పట్టికలో 1 అని వేసింది.

సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టీ పెట్టకముందే నాన్న అడిగాడు.

"మావి అందాయా అమ్మా?"

"అందాయి. అన్నీ కలిపి ఒకటే లెక్క. ఒకేలా ఎందుకు రాయించావు నాన్నా?"

"ఓడలో ఆర్డరిస్తే పొల్లు పోకుండా తిరిగి చెప్పాలమ్మా. మాట మారిందా, విననట్టే. అందుకే పక్కన కూర్చుని మరీ రాయించాను."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "ఇక్కడ మాట మారితేనే లెక్క. రేపటితో గడువు సరి. నువ్వు మాత్రమే చెప్పగలిగింది ఏదైనా ఉంటే చెప్పు, రాస్తాను."

నాన్న మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"అప్పట్లో మేమూ ఇలాంటి పీపాలు ముంచాం. కొన్ని మునక్కుండా తేలేవి. చిన్న పడవలో వెళ్లి, నీళ్లు నిండి మునిగేలా గునపంతో పొడవమన్నారు. పొడిచింది నేనే."

ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరితోనూ ఆ మాట అనలేదు. ఆమెకు కోపమొచ్చింది, జాలేసింది. కాగితం తీసి రాసింది, చదివి వినిపించింది. ఆయన గోడ పట్టుకుని లేచి నిలబడి, పొల్లు పోకుండా అంతా తిరిగి చెప్పి సంతకం పెట్టాడు.

మర్నాడు పట్టికలో దానికీ 1 వేసింది. ‘కారణం’ గడిలో ఏ ఒక్క మాటా సరిపోలేదు. చివరికి గీత దాటిపోయినా సరే అని ఆయన మాటే ఎక్కించింది: పొడిచింది నేనే.