ఫోనమ్మ చూపిన అత్తారిల్లు

మా గిచుకి బాబాయి కట్టుకున్న పెళ్ళాం మాట ఏనాడూ విన్న పాపాన పోలేదు. అలాంటి మనిషి, క్రిస్మస్‌కి కొన్న కొత్త ఫోన్‌లో దారి చెప్పే ఆడగొంతుకి మాత్రం దాసుడైపోయాడు. అది "ఎడమకు తిరగండి" అనగానే "అలాగే తల్లీ" అంటున్నాడు. వెనక సీట్లో మా పిన్ని పళ్ళు నూరుతోంది.

పండగ మర్నాడు మా తమ్ముడు మాథెంగెకి పిల్లనడగడానికి బయల్దేరాం. నైరోబీలో అద్దెకు తీసుకున్న మటాటు వ్యాను నిండా చుట్టాలమే. వ్యాను న్యేరి కొండలెక్కుతోంది. పిల్ల పేరు ముగురె. ఇద్దరికీ పరిచయం అయింది ఫోన్‌లోనే, చిక్కంతా అక్కడే వచ్చింది. వాళ్ళ నాన్న రిటైరైన హెడ్మాస్టరు. "ఫొటోలు బొటనవేలితో తోసుకుంటూ పోయి మా అమ్మాయి దగ్గర ఆగాడటగా! రేపు ఇంకో ఫొటో దగ్గర ఆగడని ఏమిటి నమ్మకం?" అన్నాడట. కూతురి పోరు పడలేక ఆఖరికి ఒక్క అవకాశం ఇచ్చాడు. పొద్దు కొండ దిగేలోపు వస్తే మాట్లాడతాడు. లేదంటే గేటు మూసేస్తాడు, మళ్ళీ ఎవరూ రానక్కర్లేదు. బడి గేటు దగ్గర బెత్తం పట్టుకుని జీవితం గడిపిన మనిషి, అన్నంత పనీ చేస్తాడు.

కూడలిలో ఎవరినైనా అడుగుదామన్నాను.

"ముగురె స్వయంగా లొకేషన్ పంపిస్తే మళ్ళీ అడగడమేంటే వాంగెచీ? మనమేమన్నా పాతకాలం వాళ్ళమా?" అని కసిరాడు బాబాయి.

ఫోనమ్మ "మీ గమ్యం చేరుకున్నారు" అన్నచోట నిజంగానే పెళ్ళికళ ఉంది. గేటుకి అరిటాకులు కట్టారు. మేకమాంసం కాలుతున్న వాసన రోడ్డు దాకా వస్తోంది. మేం ఆడవాళ్ళం గేటు బయట పాట అందుకున్నాం. లోపలి ఆడవాళ్ళు పాటతోనే ఎదురు ప్రశ్నలు వేసి, కాసేపు బెట్టు చేసి గేటు తీశారు.

మావాళ్ళలో పిల్లనడగడానికి వెళ్ళి పిల్ల పేరెత్తడమంత మోటుతనం ఇంకోటి లేదు. బాబాయి గొంతు సవరించుకుని, "మా మేకపిల్ల ఒకటి గడ్డి వెతుక్కుంటూ మీ దొడ్లో దూరిందని విన్నాం" అన్నాడు.

ఆ ఇంటి పెద్దావిడ న్యాకియో అవ్వ బోసినోటితో నవ్వింది. "మా దొడ్లో చాలానే ఉన్నాయి నాయనా. ముందు తినండి. కడుపు నిండితే కళ్ళు బాగా కనిపిస్తాయి."

తిన్నాం. ముకిమో అనే బంగాళాదుంపల ముద్ద, కాల్చిన మాంసం, మళ్ళీ ముకిమో. ఇంతమందిలో హెడ్మాస్టరు ఎవరో నాకు అంతుపట్టలేదు. అక్కడున్న మగవాళ్ళందరూ తెగ నవ్వుతున్నారు. బాబాయి చెవిలో ఆ మాటే అంటే, "నోరు మూసుకుని తిను" అన్నాడు.

పూర్వమైతే ఈ తంతులకి ఏడాది పొడుగునా రాకపోకలుండేవి. ఇప్పుడు ఎవరికీ సెలవులు దొరకవు కనక ఇరువైపులవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకోవడంతో సహా అన్నీ ఒక్కరోజే కానిచ్చేస్తున్నారు. అందుకే భోజనాలవగానే ఆడపిల్లల్ని తల నుంచి పాదాల దాకా రంగురంగుల గుడ్డలు కప్పి వరసగా నిలబెట్టారు. వాళ్ళలో తన పిల్లని పెళ్ళికొడుకు పోల్చుకోవాలి.

మావాడు దీనికో ఎత్తు వేశాడు. ముగురె ఫోన్ నడుముకి దోపుకుంటుంది, వీడు జేబులోంచి కాల్ చేస్తాడు, మోగిన ముసుగే మనది. వ్యానులో నాకు గొప్పగా చెప్పుకున్నాడు.

జేబులో చెయ్యి పెట్టాడు. ఏ ముసుగూ మోగలేదు. మళ్ళీ చేశాడు. ఈసారి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, దొంగకి తేలు కుట్టినట్టు అలా నిలబడిపోయాడు. పక్కనున్న నాకు ముగురె కేకలు వినిపించాయి. "ఎక్కడ చచ్చావ్? నాన్న గేటు దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్నాడు!"

ఇదేమీ తెలియని బాబాయి, "ఒకర్ని పట్టుకోరా, జనం చూస్తున్నారు" అని గొణుగుతున్నాడు. ఆ ఇంటివాళ్ళు కూడా, "మొహమాటం దేనికయ్యా, పట్టుకో!" అని చప్పట్లు మొదలెట్టారు.

"నా పిల్ల వీళ్ళలో లేదు" అన్నాడు మాథెంగె.

అందరూ పగలబడి నవ్వారు. ఇంతలో చివరి ముసుగులోంచి ఒక మొహం బయటపడింది. "ఎవరీయన? ఇది మావాడి గొంతు కాదే!" అని కెవ్వుమంది. సరిగ్గా అప్పుడే గేటు బయట పాట వినిపించింది. పండగ రద్దీలో ఇరుక్కుపోయిన అసలు పెళ్ళివారు ఆకలి మీద దిగారు.

సంగతి ఏమిటంటే, ముగురె వాళ్ళింట్లో కాల్ వస్తుంది కానీ నెట్ రాదు. ఆ పిల్ల ఎదుటి కొండ మీద న్యాకియో అవ్వ కంచె పక్కకొచ్చి లొకేషన్ పంపింది. పంపింది అక్కణ్ణుంచే కనక మేమొచ్చిందీ అక్కడికే.

"ఇప్పుడు అడుగు, నీ తల్లిని!" అంది పిన్ని బాబాయితో. ఆవిడ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

రోడ్డున వెళితే కొండంతా చుట్టి రావాలి. పొద్దు చూస్తే దిగిపోతోంది. మాథెంగె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీ పెళ్ళి భోజనం తినేశాం అవ్వా, క్షమించు" అన్నాడు.

"తిన్నవాళ్ళని తిట్టకూడదు, అరగదు" అంటూ అవ్వ, అసలు పెళ్ళివారికి ఇంకో మేకని కొయ్యమని ఇంట్లోవాళ్ళకి పురమాయించి, కర్ర అందుకుంది. "ఏటి మీదుగా అడ్డదారి ఉంది, పదండి!"

దుంగ వంతెన మీద బాబాయి బూట్లు చేత్తో పట్టుకుని, ఫోనమ్మని తిట్టుకుంటూ నడిచాడు. మేం ఎగువకి చేరేసరికి హెడ్మాస్టరు గేటు మూస్తున్నాడు.

"చెప్పండి. హోంవర్కు కుక్క తినేసిందా?" అన్నాడు.

"ఇల్లు తప్పామండీ. ఎదుటి కొండ మీద పిల్లని అడిగేశాం" అన్నాడు తమ్ముడు. అబద్ధమాడటం చేతకాని సన్నాసి.

"నేను ముందే చెప్పలా? వేలు ఎక్కడ ఆగితే మనిషీ అక్కడే ఆగుతాడు."

గేటు గడియ పడబోయింది. మా తమ్ముడి మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"ఆగరా మాస్టరూ!" అని కర్ర గేటు సందులో పెట్టింది అవ్వ. "నా ఇంట్లో ఆడపిల్లల్ని వరసపెట్టి నిలబెట్టాను. వాళ్ళ బాబాయి పట్టుకోమన్నాడు, మేమందరం పట్టుకోమన్నాం. మొహమాటానికైనా ఒక్క ముసుగు ముట్టుకోలేదు వీడు. నా పిల్ల లేదనేశాడు. ఇంకేం కావాలి నీకు?"

జేబులో ఫోన్ సంగతి చెప్పడానికి మాథెంగె నోరు తెరిచాడు. నేను వాడి కాలు గట్టిగా తొక్కాను.

హెడ్మాస్టరు మావాణ్ణి ఎగాదిగా చూశాడు. తర్వాత గేటు తీసి, ఒక బుట్ట ముందుకి తోశాడు. "ఫోన్లన్నీ ఇందులో వేయండి. మా ఆడపిల్లలవి కూడా."

మళ్ళీ ముసుగుల వరస. ఈసారి జేబులో ఏమీ లేదు. మాథెంగె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచాడు. ఒక ముసుగుకీ ఇంకో ముసుగుకీ తేడా నాకైతే కనిపించలేదు. హెడ్మాస్టరు చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో తిరిగినట్టు వాడి వెనకే తిరుగుతున్నాడు.

మాథెంగె ఆగాడు. ఎవరి వైపూ చూడకుండా గట్టిగా, "ఈ ఆలస్యంలో నా తప్పేం లేదు. లొకేషన్ పంపడం రాని వాళ్ళది తప్పు" అన్నాడు.

"నా తప్పా?" అని మధ్యలో ఒక ముసుగు ఎగిరిపడింది. "గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని కొండెక్కి పంపితే తప్పు నాదా? నీ తలలో బుర్ర లేదూ, దారిలో ఒక్కర్ని అడగలేవూ?"

మాథెంగె వెళ్ళి ఆ ముసుగు చెయ్యి పట్టుకున్నాడు. లోపలి నుంచి తిట్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. వాడు మాత్రం చెయ్యి వదలకుండా నవ్వుతూ నిలబడ్డాడు.

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ నోటి సంగతి తెలిసి కూడా ఇంతదూరం వచ్చాడంటే ఇక ఎక్కడికీ పోడు" అని, వంటవాళ్ళ వైపు తిరిగి కేకేశాడు. "వడ్డించండి! ఒక్కరు కూడా వద్దనడానికి వీల్లేదు."

గొంతు దాకా తిని ఉన్న మేమందరం బాబాయి వైపు చూశాం. ఆయన నడుం బెల్టు వదులు చేసుకున్నాడు.