రుక్మాబాయి ఉర్దూ

గంజు అడుగున కిచిడీ అంటుకోకుండా రుక్మాబాయి రెండు చేతులా గరిటె తిప్పుతోంది. ఆవిరికి ముఖమంతా తడిసింది. ముంజేతుల మీద నూనె చిందిన పాత మచ్చలు. మోకాలు సలుపుతుంటే ఒక కాలు ఇటుక మీద పెట్టుకుంది. పెద్దపల్లిలోని ఈ ఆడపిల్లల హాస్టల్‌లో ఆమె వంటమనిషి, ఊరు ఆదిలాబాద్ వైపు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని పిల్లలు ఎగతాళి చేస్తారు. అబద్ధమేం కాదు. పప్పులో ఉప్పెక్కువైతే ఎవరూ ముద్ద ఎత్తకముందే తానే చాటింపు వేసుకుంటుంది.

అలాంటి మనిషిని జైనూర్ హాస్టల్‌కు మార్చారు. ఇక్కడ ఇవాళే ఆఖరు. ఆ సంగతి పాలవాడితో సహా అందరికీ చెప్పేసింది, ఒక్క లైబాకు తప్ప.

లైబాకు పద్నాలుగేళ్లు. వాళ్ల ఊళ్లో గొడవలు జరిగిన రోజు తండ్రి జబ్బార్ దుకాణం తగలబడింది. షట్టర్ దించడానికి పరుగెత్తిన అన్న మోయిజ్ ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆనాడు మూతబడిన పిల్ల నోరు హాస్టల్‌కు వచ్చాక కూడా తెరుచుకోలేదు. రుక్మాబాయి పక్కన కూర్చుంటే తింటుంది. లేకపోతే పళ్లెం అట్లాగే ఉంటుంది.

పక్కన కూర్చోవడం నేర్పింది సృజన మేడం. పిల్లల మనసులోని బాధ కనిపెట్టుకుని ఉండే కౌన్సెలర్. మొదట్లో రుక్మాబాయి ఊరుకుంటేనా! "ఒక్క మాట మాట్లాడు బిడ్డా" అని ప్రాణం తీసేది. "అడగకు రుక్మక్కా. రోజూ అదే చోట కూర్చో, చాలు" అంది మేడం. నోరు కట్టుకుని కూర్చోవడం రుక్మాబాయికి ఉపవాసం కన్నా కష్టమైంది. అయినా కూర్చుంది.

మేడం ఇప్పుడు వంటింట్లోకి వచ్చింది.

"లైబాకు చెప్పినవా అక్కా?"

"ఎట్ల చెప్పాలె మేడం? మల్ల తినుడు బంద్ చేస్తదని పరేషాన్ అయితున్న. సప్పుడు చేయకుంట పోతే అయిపోతది."

"చెప్పకుంట మాయమైతే ఆ పిల్ల ఇంకెవర్ని నమ్మది. చెప్పి పో. ఆమె పక్కన నేనుంట."

రుక్మాబాయి గంజు దించింది. వడ్డనంతా మూగగానే చేసింది. జ్వరమొచ్చిందేమోనని పిల్లలు ఆమె నుదురు పట్టి చూశారు.

సాయంత్రం బట్టల సంచి సర్దుకుని వంటింటి మెట్టు మీద కూర్చుంది. లైబా ఎప్పట్లాగే వచ్చి పక్కన చేరింది. ఇద్దరూ చాయ్ తాగుతుండగానే గేటు దగ్గర ఆటో హారన్ కొట్టింది. ఇక తప్పదు. పిల్ల భాషలోనే చెబితే నొప్పి తగ్గుతుందనుకుంది, పాపం. సంతలో బేరమాడేటంత ఉర్దూ తప్ప ఆమెకేం రాదు.

"బేటీ, మై జాతీ."

తెలుగులో అయితే చచ్చినా అనేది కాదు. గడప దాటేటప్పుడు "పోయొస్త" అనాలి గానీ "పోత" అంటారా ఎవరైనా? లైబా వాళ్లింట్లోనూ అదే పట్టింపు. వెళ్తూ "ఆతీ" అనాలి, వస్తానని. పరాయి మాటల తడబాటులో రుక్మాబాయి కాస్తా వెళ్లిపోతున్నానని అనేసింది.

లైబా ఆమె కొంగు గట్టిగా పట్టుకుంది.

"నక్కో!"

వద్దన్న ఆ గొంతు బొంగురుగా, చిన్నగా వచ్చింది.

"జాతీ నక్కో బోలో. ఆతీ బోలో. మోయిజ్ భాయి గట్లనే జాతూఁ అని పోయిండు."

రుక్మాబాయి చేతిలోని చాయ్ గ్లాసు మెట్టు మీద పెట్టేసింది. దేవుడు ఎదురుగా నిలబడ్డట్టు ఆ పిల్ల నోటినే చూస్తూ ఉండిపోయింది. ఎన్నాళ్లకు వచ్చిన మాట! అదీ తన కోసం, తాను క్షేమంగా తిరిగి రావాలని! దండం పెట్టబోయిన చేతులు ఎటు పోవాలో తెలియక లైబా తల మీద ఆగాయి.

"ఆతీ బిడ్డా. ఎప్పుడొస్తనో ఎరుక లేదు గని, వస్త."

"ఫిర్ బోలో," మళ్లీ అనమంది లైబా.

"ఆతీ."

అప్పుడు లైబా కొంగు వదిలింది. రుక్మాబాయి కళ్లు తుడుచుకుంటూ ఆటో ఎక్కింది. సృజన మేడం వచ్చి, ఏమీ అడగకుండా లైబా పక్కన కూర్చుంది. ఆటో మలుపు తిరిగింది. గ్లాసులు కడగడానికి తీస్తున్న అమ్మాయిని లైబా చేత్తో ఆపి, లోపలికి వెళ్లి వచ్చింది.

మెట్టు మీద రుక్మాబాయి సగం తాగిన చాయ్ గ్లాసు, దాని మీద ఈగ వాలకుండా మూతగా పెట్టిన చిన్న పళ్లెం.