తడిక అవతల గుప్పెడు బియ్యం

తెల్లవారుతూనే తడిక అవతల చప్పుడు.

గుప్పెట తెరుచుకుంటుంది. బియ్యం కుండలోకి జలజలా రాలతాయి…

అది సువార్తమ్మ పిన్నిగారి ఇల్లు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు. అది దేవుడి గుప్పెడు. శనివారం సంచి పట్టుకుని, పేటలో క్రైస్తవుల ఇళ్ళన్నీ తిరిగి ఆ బియ్యం చర్చికని, లేనివాళ్ళకని పోగుచేస్తారు. ఇంటింటా ఆగుతారు.

మా గుమ్మం దాటిపోతారు. మేము నూకాలమ్మను కొలిచేవాళ్ళం.

ఈ దసరాలకు ముందు ఇరాక్‌లో యుద్ధం మొదలైంది. మా ఆయన నూకరాజు బస్రాలో ఉన్నాడు — సిమెంటు పనికి వెళ్ళాడు. మామిడికుదురు సెంటర్లో టీకొట్టు రేడియో ఆ ఊరి పేరు చెప్పింది. బాంబులంది. మనుషుల పేర్లు మాత్రం చెప్పలేదు.

ఉత్తరం లేదు. కబురు లేదు. వానలకి కొబ్బరిపీచు కొట్టే పనీ లేదు.

నూకాలమ్మకు మొక్కాను. ఏడ్చాను. తిట్టాను కూడా. నాకు కోపం ఎక్కువ.

ఒక సాయంత్రం పిన్నిగారు కొంగులో బియ్యం పోసుకుని వచ్చారు.

"మంగా, ఎసరు పెట్టమ్మా."

"మీ దేవుడి బియ్యం నాకెందుకండీ?"

"దేవుడేవన్నా వండుకుంటాడేంటే! ముందు పొయ్యి రాజెయ్యి."

ఒళ్ళు మండింది. నవ్వూ వచ్చింది. తిన్నాను… తింటూనే ఏడ్చాను. ఆయన తిన్నాడో లేదో!

మర్నాడు పొద్దున్న మళ్ళీ ఆ చప్పుడు.

రాత్రి మిగిలిన బియ్యం ఎసట్లో పోయబోతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆ గుప్పెడే కదా నా కడుపుకు చేరింది! అక్కడ కూడా ఎవరో, ఏ భాషవాళ్ళో, ఆయన కోసం గుప్పెట తెరిస్తే? తెరిపించేవాడు ఒకడుంటే?

ఉండాలి అనుకున్నాను.

గుప్పెడు తీసి పాత ముంతలో వేశాను. పేరు వినడమే గాని, ఎలా మాట్లాడాలో నాకు తెలియని దేవుడు. "ఆయనకి పెట్టించు" అన్నాను — అంతే. రోజూ అదే మాట. అదే గుప్పెడు.

పోనుపోను అది అడిగినట్టు లేదు. పక్కన కూర్చున్నవాళ్ళతో చెప్పుకున్నట్టు ఉంది.

శనివారం వచ్చింది. సంచి పట్టుకుని పిన్నిగారు మా గుమ్మం దాటిపోతున్నారు.

"ఆగండి! నన్నెందుకు దాటిపోతారండీ?"

అరిచాను. పేటంతా తిరిగి చూసింది.

"నీకే లేవు కదమ్మా…"

"ఆయ్, నా దగ్గరా ఉన్నాయండీ."

ముంత వంచాను. ఆవిడ సంచి మూతి తెరిచి పట్టారు.

ఆ ఆదివారం చర్చిలో వెనక చాప మీద కూర్చున్నాను. పాటలు రావు. ఏడుపు వచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అదే బాగుంది.

కార్తీకం పోయింది. రేడియో మళ్ళీ బస్రా అంది.

ఇవాళ డబ్బాలో చెయ్యి పెడితే అడుగున గుప్పెడే ఉన్నాయి.

ఒక్క గుప్పెడు.

ఎసరు మరుగుతోంది. ముంత పక్కనే ఉంది.

వెయ్యకపోతే దేవుడు కోప్పడతాడని కాదు. "ఆయన అలాంటి లెక్కలు పెట్టడే పిచ్చిదానా" అని పిన్నిగారే అన్నారు. ఎసట్లో వేసుకుంటే నాకు గంజన్నా అవుతుంది. అయినా…

నా గుప్పెట మూసుకుని, అక్కడ ఇంకొకరిది తెరిపించమని ఏ నోటితో అడగను?

పిన్నిగారు ఇంకా లేవలేదు. తడిక అవతల చప్పుడు లేదు.

"ప్రభువా" అన్నాను. ఆ మాట నా నోట రావడం ఇదే మొదలు.

ముంత మీద గుప్పెట తెరిచాను —

బియ్యం జలజలా రాలాయి… తడిక ఇవతల.