ఆమెన్ అనని పొద్దు

బాయిలర్ మండించే బిక్షం కుడిచెయ్యి ఆవిరికి మోచేతి దాకా ఉడికిపోయింది. అయినా బోయిగూడ లాండ్రీలో బాయిలర్ ఆగలేదు. ఆసుపత్రుల దుప్పట్లు సాయంత్రానికల్లా తెల్లగా వెళ్లాలి మరి! ఆవిరి ఎక్కువైతే దానంతటదే తెరుచుకోవలసిన వాల్వును ఇనుపతీగతో బిగించి కట్టించింది యజమాని దేవానందమే. మాటిమాటికీ ఆవిరి వదిలితే పని వెనకబడుతుందట.

ఆ దేవానందం చర్చిలో సంఘపెద్ద. రోజూ పొద్దున పనివాళ్లను బాయిలర్ల ముందు నిలబెట్టి ప్రార్థన చేసేవాడు. అందరూ ఆమెన్ అన్నాకే నిప్పు ముట్టించాలి. అదీ అక్కడి ఆచారం.

"ఆ తీగ తీసేదాంక పని బంద్ పెడదాం" అంది ఇస్త్రీ చేసే కల్పలత.

దుప్పట్లు ఉతికే డోరా ఒప్పుకోలేదు. తన పెళ్లిలో తండ్రి స్థానంలో నిలబడింది దేవానందమే. "ఆయన దేవుడికి భయపడే మనిషే. మనస్సాక్షి లేకుండా పోతుందా? నేను అడుగుతాను."

"దొరకు మనస్సాక్షి ఉంటదక్కా. గాని అది ఆదివారమే డ్యూటీకొస్తది" అంది కల్పలత.

"జెర ఆగుర్రి. డోరమ్మ మాట సుత చూద్దాం" అన్నాడు బిక్షం.

మర్నాడు ప్రార్థనలో డోరా బిక్షాన్ని ముందుకు తీసుకొచ్చి కట్టు విప్పింది. "అంకుల్, ఇది చూడండి. రేపు దేవుడికేం జవాబు చెప్తారు?"

దేవానందం మోకాళ్ల మీద పడి బోరుమన్నాడు. "ప్రభువా, ఈ పాపిని క్షమించు!" దొంగేడుపని కూడా అనలేం, చొక్కా తడిసిపోయింది. అందరూ కళ్లు తుడుచుకుని ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ బిక్షం ఎడమచేత్తో నిప్పు ముట్టించాడు. అంత ఏడ్చినవాడు తీగ విప్పించకపోతాడా అనుకుని ఎవరూ అడగలేదు. అయ్యో, అక్కడే మునిగారు!

తీగ అలాగే ఉంది. బాయిలర్ లోపల గురగుర రోజురోజుకీ పెరిగింది. ఓ మధ్యాహ్నం మూత ఎగిరిపోయింది. బిక్షం మళ్లీ లేవలేదు.

పాడె దగ్గర అందరికన్నా గట్టిగా ఏడ్చింది దేవానందమే. బిక్షం భార్య దేవమ్మ అటు చూడనైనా లేదు. "ఆయన ఏడిస్తే నా పెనిమిటి లేస్తడా డోరమ్మా?" అంది.

మర్నాడు డోరా రెండో బాయిలర్ వాల్వు చూసింది. దానికీ తీగే! ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రమే పనివాళ్ల గడపగడపా ఎక్కింది. "అడగాల్సింది ఆయన మనస్సాక్షిని కాదు, మనదాన్ని. ఆ రోజు ఆమెన్ అన్నది మనమే కదా? రేపు కూడా అందామా?" కొందరు తలలు దించుకున్నారు. కొందరు తలుపులేసుకున్నారు. కల్పలత మాత్రం చెప్పులేసుకుని వెంట నడిచింది.

తెల్లారేసరికి గేటు దగ్గర పోలీసు జీపు! ఎవరో యజమాని చెవిన వేశారన్నమాట. దేవానందం చేతులెత్తి బిక్షం ఆత్మశాంతికి ప్రార్థించాడు. ముగించి ఆగాడు.

ఎవరూ నోరు మెదపలేదు.

"ఆమెన్" అన్నాడు తనే. ఒక్క గొంతూ కలవలేదు.

"ముందు తీగ విప్పించండి అంకుల్. అప్పుడంటాం" అంది డోరా.

"బిడ్డా, నా గుండె కోస్తున్నావు" అని కళ్లొత్తుకుంటూనే ఎస్సై వైపు చూశాడు. కానిస్టేబుళ్లు డోరా రెక్క పట్టుకుని జీపెక్కించారు. ఆమె వదిలిన చోట దేవమ్మ వచ్చి నిలబడింది, కల్పలత చెయ్యి పట్టుకుని.

"వీళ్లందర్నీ ఎక్కిస్తరా సార్? జీపు సరిపోదు" అంది కల్పలత.

జీపు చిలకలగూడ స్టేషన్ వైపు తిరిగింది. వెనక దేవానందం మళ్లీ ప్రార్థన అందుకోవడం డోరాకు వినిపించింది. మెడ తిప్పి పొగగొట్టం కేసి చూసింది, మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది. పొగ రాలేదు.