నిలబెట్టే బిగువు

నేల మీద జుట్టు.

నల్లది, నెరిసింది, రంగు వెలిసి ఎర్రబారింది. కుర్చీ చుట్టూ రాలుటాకుల్లా పడి ఉంది. ఆ జుట్టులో సన్నని నెలవంకలు. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి.

అతని ఎడమ బూటు గీసినవి.

అడుగు పడాలంటే మోకాలు వంగాలి. అతని ఎడమ మోకాలు వంగదు. అందుకని కాలు ముందుకు రాదు, చుట్టుతిరిగి వస్తుంది. తుంటి లేస్తుంది. కాలు పక్కకు వెళ్తుంది. బూటు కొన నేలను రాసుకుంటూ, వంపు తిరిగి, వచ్చి ఆగుతుంది.

ఒక అడుగు. ఒక నెలవంక.

సాయంత్రం చీపురు పట్టుకునేసరికి సెలూన్ నేల నిండా ఆకాశం.

గడ్డం గీయించుకోవడానికి వచ్చే లెక్కల మాస్టారు మొదటిసారి వాటిని చూసి, "బోర్డు మీద నేనెప్పుడూ ఇంత నీటుగా గీయలేదయ్యా" అన్నారు. ఆ రోజు నుంచి వీధి వీధంతా అతన్ని కంపాస్ బాబాయ్ అంటోంది. అతను నవ్వి ఊరుకున్నాడు. పేరు పెట్టారంటే ఇంకా మనల్ని మనుషుల్లో కలుపుకున్నట్టే.

పక్షవాతం వచ్చినప్పుడు ఎడమ చెయ్యి, ఎడమ కాలు రెండూ పడిపోయాయి. చెయ్యి తిరిగొచ్చింది. దువ్వెన పట్టుకుంది. కాలు మాత్రం తడిగుడ్డలా వేలాడేది.

తర్వాత ఒక రోజు కాలు బిగిసింది.

బలం వచ్చిందనుకున్నారు భార్యాభర్తలిద్దరూ. భార్య పక్కింటికి వెళ్లి మరీ చెప్పి వచ్చింది.

అది బలం కాదు.

డాక్టరమ్మ దానికి ఒక పేరు చెప్పింది, స్పాస్టిసిటీ అని. పేరు చెప్పి ఊరుకోలేదు, కూర్చోబెట్టి వివరించింది. వెన్నుపాము కండరానికి ఊరికే 'పట్టుకో, పట్టుకో' అంటూ ఉంటుందట. 'చాలు, ఇక వదులు' అని సర్దిచెప్పాల్సింది పైనున్న మెదడు. ఆ సర్దిచెప్పే మాట ఇప్పుడు కాలిదాకా రావడం లేదు.

అందుకని పిక్క పట్టుకునే ఉంటుంది. తొడ పట్టుకునే ఉంటుంది. పగలూ, రాత్రీ. పనున్నా, లేకపోయినా.

పట్టుకుని పట్టుకుని పిక్క పొట్టిదైపోయింది. వానకు తడిసి ఎండకు ఎండిన తోలులా గట్టిపడింది. మడమను పైకి లాగేసింది. ఆ మడమ నేలను తాకి ఎన్నాళ్లయిందో.

చలి వేస్తే బిగుస్తుంది. అలసిపోతే బిగుస్తుంది. రోడ్డు దాటుతుంటే వెనక హారన్ మోగిందా... నడిరోడ్డు మీద కాలు కొయ్యబారిపోతుంది. తొందరపెట్టేకొద్దీ మొండికేస్తుంది.

మెల్లగా అడిగితే వింటుంది.

ఆ సంగతి కనిపెట్టింది అతని భార్య. పొద్దున్నే మంచం చివర కూర్చుని, అతని మడమను అరచేతిలోకి తీసుకుని, ముంజేతిని అరికాలికి ఆనించి, నిద్రపోతున్న పసిపిల్లను లేపినట్టు నెమ్మదిగా తోస్తుంది. కాలు అడ్డం తిరుగుతుంది. ఆమె ఆగుతుంది. మళ్లీ తోస్తుంది. ఎక్కడో లోపల ఒక ముడి వదులవుతుంది.

"నా మాట వినేది మీ ఒంట్లో ఇదొక్కటే" అంటుంది.

"చెవులు కూడా వింటాయి."

"వింటాయి. లోపలికి పంపించవు."

అది వాళ్ల సుప్రభాతం.

కానీ రాత్రిళ్లు కాలు ఎవరి మాటా వినదు. ఉన్నట్టుండి తన్నుకుంటుంది. పిక్క రాయి అవుతుంది, వేళ్లు ముడుచుకుపోతాయి. అతను పళ్లు బిగబట్టి పడుకుంటాడు, ఆమెకు మెలకువ రాకూడదని. ఆమెకు అప్పటికే మెలకువ వచ్చి ఉంటుంది. లేచి కూర్చుని పిసుకుతుంది.

ఆమె పగలంతా ఇస్త్రీ దుకాణంలో నిలబడే మనిషి. ఒక రోజు నిలబడే కునికింది. పెట్టె ముంజేతికి తగిలింది.

ఆ బొబ్బ చూసిన రోజే అతను బిగువు తగ్గడానికని డాక్టరమ్మ చెప్పిన సూదిమందుకు సరేనన్నాడు.

పిక్కలోకి కొంత. తొడలోకి కొంత.

మొదట ఏమీ తెలియలేదు. తర్వాత, మంచు కరిగినట్టు, చప్పుడు లేకుండా... కాలు మెత్తబడింది.

ఒక ఉదయం మంచం దిగితే మడమ నేలకు ఆనింది. నేల చల్లగా ఉందని మడమకు తెలిసింది. అతను అలాగే కూర్చుండిపోయాడు, ఆ చల్లదనాన్ని ఎవరో చేతికిచ్చిన పండులా చూసుకుంటూ.

పక్కన ఆమె నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, ఒళ్లు తెలియకుండా. ఇన్నాళ్లకు.

ఆ నిద్రను చూడటానికి ఇంకో రెండు కాళ్లు ఇవ్వమన్నా ఇచ్చేవాడు.

అదే వారం సెలూన్‌లో మాస్టారికి గడ్డం గీస్తున్నాడు.

నురగ పట్టించాడు. తల వెనక్కి వాల్చాడు. గొంతు కింద గీయాలంటే కుర్చీ మీదికి వంగాలి. వంగేటప్పుడు ఒంటి బరువంతా ఎడమ కాలి మీద వేయడం అతనికి అలవాటు. ఆ కాలు స్తంభం. వంగదు కాబట్టి జారదు. కత్తి పట్టిన చెయ్యి వణకకుండా ఉండేది ఆ స్తంభం అండతోనే. ఏనాడూ దాన్ని గురించి ఆలోచించలేదు. తలుపు వేసుకునేవాడు గోడను గురించి ఆలోచిస్తాడా?

బరువు వేశాడు.

పచ్చి తొడిమ విరిగినట్టు మోకాలు మడతపడింది.

చెయ్యి పైకి ఎగిరింది. ఎగరమని అతను చెప్పలేదు. ఇన్నేళ్ల పని చెప్పింది. అతను జుట్టులో కూలబడి ఉన్నాడు, కత్తి ఒక్కటే గాలిలో, దీపం పట్టుకున్నట్టు.

మాస్టారు సగం నురగతో తల తిప్పి చూశారు.

"నాకేం కాలేదయ్యా. నువ్వు లేస్తావా, నన్ను దిగమంటావా?"

"ఉండండి మాస్టారూ. ఒక చెంప మిగిలింది."

ఆ చెంప స్టూలు మీద కూర్చుని పూర్తి చేశాడు. మాస్టారు కదల్లేదు. కళ్లు కూడా తెరవలేదు. గొంతు అప్పగించి కూర్చోవడమంటే ఏమిటో ఆ రోజు అతనికి తెలిసింది.

మాస్టారు వెళ్లాక కత్తిని కడిగి, తుడిచి, సొరుగులో పెట్టేశాడు.

ఆసుపత్రిలో కాలికి వ్యాయామం చేయించే అబ్బాయి చూసి చెప్పాడు. "కాలిలో అసలు బలం ఎప్పుడో పోయిందండీ. ఇన్నాళ్లూ బిగువే బలంలా నిలబెట్టింది. మందు బిగువును తీసేసింది. బలాన్ని తెచ్చిపెట్టలేదు కదా."

ఇన్నాళ్లూ తిట్టుకున్నాడు దాన్ని. మొద్దు అన్నాడు, దయ్యం అన్నాడు, పరాయి కాలన్నాడు.

ఆ పరాయిదే మోసింది.

అప్పటి నుంచి స్టూలు మీద కూర్చుని, కత్తెరతో అయ్యే పనే చేశాడు. స్టూలు మీద నుంచి నడినెత్తి అందదు. పక్కనెక్కడో ఒక పాయ పొడుగ్గా మిగిలిపోతుంది. జనం మొహమాటానికి బాగుందన్నారు. తర్వాత మొహమాటానికి రావడం మానేశారు. గడ్డానికని వచ్చేది మాస్టారు ఒక్కరే. గీయను అంటే, "అయితే పేపరు చదివి పోతాను" అని కూర్చునేవారు.

ఇంట్లో ఆమె హాయిగా నిద్రపోయేది. ముంజేతి మీద బొబ్బ మానింది. కళ్ల కింద నలుపు పలచబడింది.

నెలలు నడిచాయి. సూదిమందు అలలా వెనక్కి తగ్గడం మొదలుపెట్టింది.

ముందు సెలూన్‌లో తెలిసింది. ఒక రోజు స్టూలు వదిలి లేస్తే మోకాలు గట్టిగా నిలిచింది. మరో రోజు నేల మీద వెలిసిపోయిన రంగులా ఒక నెలవంక. అతనికి కడుపు నిండినట్టయింది.

ఆ వెంటనే సిగ్గేసింది.

ఎందుకంటే ఆ రాత్రే కాలు తన్నుకుంది. పక్కన ఆమె లేచి కూర్చుంది.

మళ్లీ సూది వేయించుకునే రోజు వచ్చింది. వేయించుకుంటే ఆమెకు నిద్ర. మానుకుంటే అతనికి కత్తి. ఈ రెంటికీ మధ్య ఇంకేదైనా ఉందా అని డాక్టరమ్మను ముందే అడిగాడు.

"తక్కువ మోతాదులో, పిక్కకు మాత్రమే వేసి చూద్దాం. నిలబడటానికి ఎంత బిగువు ఉంచాలో, నిద్రకు ఎంత తీసేయాలో... వేసి చూస్తేగానీ నాకూ తెలీదండీ."

నిజం చెప్పినందుకు డాక్టరమ్మకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఆ రోజు పొద్దున పిక్కను తోస్తూ, భార్య ఒక్క మాట అంది. "మీకేది కావాలో అది చెప్పండి అక్కడ. నా మొహం చూసి చెప్పకండి."

మధ్యాహ్నం ఆమె పని నుంచి నేరుగా సెలూన్‌కు వచ్చింది. ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్లాలి.

లోపల మాస్టారు. మెడ కింద తువ్వాలు, చెంపల మీద నురగ. సొరుగులోంచి కత్తి బయటికి వచ్చి ఉంది. అతను నిలబడి ఉన్నాడు.

ఆమె చూసింది. చూడనట్టు బయటి వీధి వైపు తిరిగింది.

"ఇదొక్కటీ కానివ్వు" అన్నాడు.

"కానివ్వండి. నేను కూర్చుంటాను."

రెండో కుర్చీలో కూర్చుంది. తల వెనక్కి వాల్చుకునే కుర్చీ. ఆ కుర్చీలో ఆమె ఏనాడూ కూర్చోలేదు.

అతను గొంతు కింద గీశాడు. వంగాడు, బరువు వేశాడు, కాలు నిలిచింది. తడి తువ్వాలుతో మొహం తుడిచాడు. మాస్టారు గడ్డం తడుముకుంటూ అద్దంలోకి చూసి, ఆ అద్దంలోనే వెనక కుర్చీని చూసి, గొంతు తగ్గించారు.

"లేపకు."

చెప్పులు చేతబట్టుకున్నంత మెల్లగా వెళ్లిపోయారు.

ఆమె నిద్రపోయింది. తల ఒక పక్కకు జారుతోంది. అతను కుర్చీ చుట్టూ కాలు తిప్పుకుంటూ వెళ్లి, ఆమె పక్కన నిలబడి, తన నడుమును ఆ తలకు ఆసరాగా ఇచ్చాడు. తల ఆనింది. బరువుగా, వెచ్చగా, నమ్మకంగా.

ఇప్పుడు అతను కదిలితే ఆమె లేస్తుంది.

గోడ మీద గడియారం తన పని తాను చేసుకుపోతోంది. ఆసుపత్రిలో ఈపాటికి వాళ్ల వంతు పిలిచి ఉంటారు. ఇంకోసారి కూడా పిలుస్తారు.

అక్కడ ఏం చెప్పాలో పొద్దున్నుంచీ వెతుక్కుంటున్నాడు. వేయండి. వద్దు. రెండు మాటలూ నోటిదాకా వచ్చి నిలబడ్డాయి.

ఆమె నిద్రను ఈ క్షణాన మోస్తున్నది ఏ కాలో అతనికి తెలుసు. ఆ నిద్రను రాత్రి లాక్కునేది కూడా అదే.

బయట సన్నగా వాన మొదలైంది. చల్లగాలి తలుపు సందులోంచి వచ్చి పిక్కను తాకింది. పిక్క బిగిసింది. మడమ లేచింది. పాదం తనంతట తాను కొట్టుకోవడం మొదలుపెట్టింది... గూట్లో పిట్ట రెక్కలా, టపటప, టపటప.

అతను మడమను కిందికి నొక్కాడు. మెల్లగా. అడిగినట్టు.

ఆమె ఊపిరి ఒకసారి ఆగి, మళ్లీ సాగింది.

నేల మీద పొద్దుట కత్తిరించిన తెల్లని జుట్టు. అందులో కొత్త గీత ఏదీ లేదు. బూటు కొన కింద ఒక చిన్న చుక్క మాత్రం వణుకుతోంది... ఆగుతోంది... వణుకుతోంది.